వాడేసిన 40 అడుగుల హైక్యూబ్ కంటైనర్: ఇల్లు కట్టుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఓడల్లో సరుకు మోసి, వయసైపోయి పక్కన పెట్టేసిన కంటైనర్‌ను కొని ఇల్లుగా మార్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తాం. 2.2 మీటర్ల వెడల్పు గదులతో సరిపెట్టుకునే ప్లాను ఉండి, గోడలను తక్కువగా కోస్తే ఇది మంచి బేరం. రెండు మూడు కంటైనర్లు పక్కపక్కన పెట్టి, మధ్య గోడలన్నీ లేపేసి పెద్ద హాలు చేద్దామనుకుంటే మాత్రం కొనకండి. ఆ డబ్బుతో మామూలు ఉక్కు ఫ్రేమ్ కట్టించుకోవడం మేలు. కంటైనర్ బలం దాని గోడల్లోనే ఉంది. కోసిన ప్రతి అడుగూ మీరు డబ్బు పెట్టి కొన్న బలాన్నే తగ్గిస్తుంది.

ముందు కొలతలు. హైక్యూబ్ అంటే మామూలు కంటైనర్ కంటే ఎత్తు ఎక్కువున్నది. బయటి పొడవు 12.192 మీటర్లు, వెడల్పు 2.438 మీటర్లు, ఎత్తు 2.896 మీటర్లు. లోపల పొడవు సుమారు 12.03, వెడల్పు 2.35, ఎత్తు 2.69 మీటర్లు. ఖాళీ బరువు దాదాపు 3,900 కిలోలు. మామూలు ఎత్తు కంటైనర్‌లో లోపలి ఎత్తు 2.39 మీటర్లే. నేలకు 30 మి.మీ., పైకప్పు ఇన్సులేషన్‌కు, సీలింగ్ బోర్డుకు కలిపి 75 మి.మీ. పోతే మిగిలేది 2.28 మీటర్లు. ఫ్యాన్ పెట్టడానికి, డక్ట్ (గాలి గొట్టం) నడపడానికి చోటుండదు. అందుకే ఇంటికి హైక్యూబ్ తప్ప మరొకటి తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాం. తలుపు మీద 45జీ1 అనే కోడ్ ఉంటే అది 40 అడుగుల హైక్యూబ్. 42జీ1 అయితే మామూలు ఎత్తు, 22జీ1 అయితే 20 అడుగులది.

వెడల్పు విషయంలోనే చాలామంది దెబ్బతింటారు. రెండు పక్కలా ఇన్సులేషన్, లోపలి బోర్డు కలిపి 75 మి.మీ. చొప్పున తీసేస్తే 2.35 మీటర్లు కాస్తా 2.20 అవుతుంది. డబుల్ బెడ్ అడ్డంగా వేస్తే కాళ్ల దగ్గర నడవడానికి దారి ఉండదు. నిలువుగా వేస్తే ఒక పక్కే దారి. వంటగట్టు 600 మి.మీ. లోతు ఉంటే దాని ముందు 1.6 మీటర్లు మిగులుతాయి, అది చాలు. బాత్‌రూమ్‌ను పూర్తి వెడల్పున ఒక చివరన పెడితే నడవాకు చోటు వృథా కాదు. మధ్యలో పెడితే పక్కన కనీసం 800 మి.మీ. నడవా వదలాలి, అప్పుడు బాత్‌రూమ్ 1.3 మీటర్లకు కుంచించుకుపోతుంది. ఈ లెక్క కాగితం మీద తేలకముందే డబ్బు కట్టొద్దు.

ఇక నిర్మాణం. బరువంతా నాలుగు మూలల స్తంభాల గుండా, వాటి చివర్లలోని పోత ఉక్కు కార్నర్ కాస్టింగ్‌ల ద్వారా కిందికి దిగుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చడానికి చాలా కంటైనర్ల తలుపు మీది సమాచార ప్లేటులో 1,92,000 కిలోల అనుమతి, కొత్తవాటికి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ అంకె చూసి మురిసిపోకండి. అది మూలలకు వర్తించేది, అదీ గోడలు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు. పక్క గోడ రేకు మందం 1.6 మి.మీ. అంతే. 36 మి.మీ. లోతున మడతలు వేయడం వల్లే దానికి ఆ బిగువు. పైన 60 మి.మీ. చదరపు గొట్టం (పై రెయిలు), కింద అంచు పొడవునా ఉండే ఉక్కు పట్టీ (కింది రెయిలు), మధ్యన మడతల రేకు, ఈ మూడూ కలిసి 12 మీటర్ల పొడవున ఒకే లోతైన దూలంలా పనిచేస్తాయి. మధ్యలో రేకు తీసేస్తే మిగిలేది పల్చటి గొట్టం, అది తన బరువుకే వంగుతుంది.

పైకప్పు రేకు 2 మి.మీ. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పరీక్షలో దాని మీద 600 × 300 మి.మీ. చోటులో 300 కిలోలు పెట్టి చూస్తారు. మనిషి ఎక్కి పని చేసుకోవడానికి అది చాలు. నీళ్ల ట్యాంకు, మట్టి పోసిన తోట, సోలార్ ఫ్రేమ్ కాళ్లు, వీటి బరువు రేకు మీద పడకూడదు. మూలల మీదో, పై రెయిళ్ల మీదో వేసిన అడ్డ దూలాల ద్వారా దిగాలి. ఇక భూమిలో పాతిపెట్టి నేలమాళిగ చేద్దామనే ఆలోచన పూర్తిగా మానుకోండి. పక్క గోడలు లోపలి సరుకు తోపుడుకు తట్టుకునేలా చేసినవి. బయట నుంచి తడి మట్టి నెడితే లోపలికి కుంగుతాయి, పైకప్పు అంతకంటే ముందే కుంగుతుంది.

అమ్మేవాళ్లు చెప్పే గ్రేడ్‌లు నాలుగు. ఒకే ఒక్క ప్రయాణం చేసినది వన్‌ట్రిప్. మళ్లీ ఓడ ఎక్కించడానికి పనికొచ్చేది కార్గోవర్తీ. గాలి, వాన లోపలికి రానిది విండ్ అండ్ వాటర్ టైట్. ఎలా ఉందో అలా అమ్మేది యాజ్ ఈజ్. ఇంటికి మా ఓటు కార్గోవర్తీకే. వన్‌ట్రిప్ అందంగా, చదునుగా ఉంటుంది కానీ అది దాదాపు కొత్త పెట్టె. పాత ఉక్కును మళ్లీ వాడుకుంటున్నామన్న తృప్తి అందులో లేదు. విండ్ అండ్ వాటర్ టైట్ అన్నది నీళ్లు రావని మాత్రమే చెబుతుంది, స్తంభాలు నిటారుగా ఉన్నాయని చెప్పదు. యాజ్ ఈజ్ తీసుకుని పైసలు మిగిల్చామనుకుంటే రిపేరు దగ్గర అవి తిరిగి పోతాయి.

ప్రతి కంటైనర్ తలుపు మీదా సీఎస్‌సీ ప్లేటు ఉంటుంది. తయారైన నెల, సంవత్సరం, మొత్తం బరువు, పేర్చే అనుమతి, పక్కవాటు తోపుడు పరీక్ష బలం అందులో చెక్కి ఉంటాయి. కంటైనర్ల భద్రత కోసం చేసుకున్న 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం (సీఎస్‌సీ) కింద వేసే ప్లేటు ఇది. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక సరిచూపు అంకె ఉన్న గుర్తింపు సంఖ్య తలుపు మీద, పక్కలా, పైకప్పు మీద ఒకటే ఉండాలి. తేడా ఉంటే ఏదో రేకు మార్చారనో, సంఖ్య తిరగరాశారనో అర్థం. ప్లేటు ఫొటో, సంఖ్య ఫొటో బిల్లుతో పాటు దాచుకోండి. కిటికీ కోసం గోడ కోశాక ఓడ రవాణాకు ఆ ప్లేటు చెల్లదు, కానీ నిర్మాణ లెక్కలు వేసే ఇంజనీరు మొదట అడిగేది దాన్నే.

ఫొటోలు చూసి కొనొద్దు, యార్డుకు వెళ్లి చూడండి. పట్టపగలు లోపలికి వెళ్లి తలుపులు వేయించుకుని, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి చుట్టూ చూస్తే చిల్లులు వెలుగు చుక్కల్లా కనబడతాయి. బయట ఒక మనిషి నిలబడి ఉండాలి, ఆ తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. తరువాత టేపుతో తలుపు చట్రం ఐమూలలు (ఒక మూల నుంచి ఎదుటి మూలకు) రెండూ కొలవండి. రెండింటికీ 10 మి.మీ. దాటి తేడా ఉంటే పెట్టె ఒరిగిందని అర్థం. తలుపు సులువుగా పడకపోవడం కూడా అదే చెబుతుంది, అయితే నేల ఎగుడుదిగుడుగా ఉన్నా తలుపు పట్టేస్తుంది కాబట్టి ముందు నాలుగు మూలలూ మట్టంగా ఉన్నాయో లేదో చూడండి. మూల స్తంభాల్లో సొట్టలు ఉంటే ఆ పెట్టె వద్దు. గోడల్లో సొట్టలకు భయపడక్కర్లేదు, లోపల బోర్డు వచ్చేస్తుంది. పైకప్పు సొట్టలు మాత్రం పట్టించుకోవాలి. వాటిలో నీరు నిలిచి, పెయింటు ఊడి, అక్కడే చిల్లు పడుతుంది.

తుప్పును సుత్తితో పరీక్షించండి. ఖంగుమంటే పైపైన పట్టిన తుప్పు, వైరు బ్రష్‌తో పోతుంది. డొల్లగా మోగి పొరలు ఊడిపడితే తుప్పు లోహాన్ని తినేసిందని అర్థం. ముఖ్యంగా మూడు చోట్లు చూడాలి: కింది రెయిలు లోపలి అంచు, తలుపు గడప, నేల కింద అడ్డంగా వచ్చే క్రాస్ మెంబర్లు. క్రాస్ మెంబర్లు ఇంచుమించు 300 మి.మీ.కు ఒకటి ఉంటాయి. పక్కపక్కన మూడు పోయి ఉంటే ఆ బేరం వదిలేయండి. కోర్టెన్ ఉక్కు తుప్పు పట్టదని యార్డులో చెబుతారు. అది సగం నిజం. రాగి, క్రోమియం, నికెల్ వంటివి కలిసిన ఆ ఉక్కు మీద తుప్పు పొర తడిసి ఆరుతూ ఉంటేనే గట్టిపడి కాపాడుతుంది. నీరు నిలిచే చోట, ఉప్పు గాలి తగిలే చోట అది కూడా మామూలు ఉక్కులాగే కరిగిపోతుంది.

నేల గురించి విడిగా చెప్పుకోవాలి. ఫ్యాక్టరీలో వేసేది 28 మి.మీ. ప్లైవుడ్, ఫోర్క్‌లిఫ్ట్ చక్రాలకు ఆగేంత గట్టిది. పురుగు పట్టకుండా దానికి క్రిమిసంహారకం పట్టిస్తారు. సీఎస్‌సీ ప్లేటు పక్కనే కలప శుద్ధి వివరం ఉంటుంది: ఏ మందు, ఏ సంవత్సరం. క్లోర్‌పైరిఫాస్, ఫాక్సిమ్ వంటి పేర్లు కనిపించవచ్చు. ఇది కాక పదేళ్లపాటు ఏయే సరుకు మోసిందో, ఏది ఒలికిందో ఎవరూ చెప్పలేరు. మధ్యాహ్నం ఎండలో తలుపు తెరిచి వాసన చూడండి. ఘాటు ఉంటే ఆ పెట్టె వద్దే వద్దు. వాసన లేకపోయినా పిల్లలు పాకే ఇంటికి పాత ప్లైవుడ్‌ను తీసేసి కొత్తది వేయడమే సరైన పని. తియ్యలేకపోతే కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రెండు కోట్లు ద్రావకం లేని ఎపాక్సీ (గట్టిపడే రసాయన పూత) వేసి, దాని మీద వేరే నేల పరచాలి. మరకల మీద ఎపాక్సీ నిలవదు, నూనె మరక ఉన్న పలకను మార్చేయాలి. ఈ ప్లైవుడ్‌ను పొయ్యిలో పెట్టడం, కోసి బల్లలు చేయడం ప్రమాదం.

దింపుకోవడం, పునాది. బరువు మూలల్లో దిగుతుంది కాబట్టి నాలుగు మూలల కింద నాలుగు కాంక్రీటు దిమ్మెలు వేస్తారు. గోడ కోసే ప్లాను ఉంటే తెంపుల రెండు పక్కలా కింది రెయిలు కింద కూడా దిమ్మెలు రావాలి. నేలకు 400 మి.మీ. ఎత్తున కూర్చోబెడితే గాలి ఆడుతుంది, పైపులు చూసుకోవచ్చు, తుప్పు పట్టిందో లేదో వంగి చూడొచ్చు. దిమ్మెల పైమట్టాల మధ్య తేడా 5 మి.మీ. లోపే ఉంచండి, మిగిలినది ఉక్కు పలకలతో సరిచేయొచ్చు. కింది కాస్టింగ్‌లు రెయిలు కంటే సుమారు 12 మి.మీ. కిందికి ఉంటాయి కాబట్టి చదును స్లాబ్ మీద పెట్టినా మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందులో చెత్త, తడి చేరకుండా చూడాలి. అందుకే స్లాబ్ కంటే దిమ్మెలే మాకు నచ్చుతాయి. దిమ్మెలో ముందే పాతిన ఉక్కు ప్లేటుకు కాస్టింగ్‌ను వెల్డ్ చేయాలి. పక్క గోడ 35 చదరపు మీటర్ల తెరచాపలా గాలిని పడుతుంది, బరువే ఆపుతుందని వదిలేయకూడదు.

క్రేన్ వాడితే స్ప్రెడర్ దూలంతో (గొలుసులను ఎడంగా పట్టి ఉంచే దూలం) నాలుగు గొలుసులూ నిలువుగా ఉండేలా ఎత్తించండి. ఒకే కొక్కేనికి ఏటవాలు గొలుసులు తగిలిస్తే పై రెయిళ్లు లోపలికి నొక్కుకుని గోడ వంగుతుంది. గోడలు కోశాక మళ్లీ ఎత్తాల్సి వస్తే తెంపుల్లో తాత్కాలిక ఐమూల కడ్డీలు వెల్డ్ చేయకుండా కదిలించొద్దు.

కోత పనిలో వరుస తప్పడం వల్లే ఎక్కువ పెట్టెలు పాడవుతున్నాయి. ముందు కంటైనర్‌ను చివరి చోట మట్టంగా కూర్చోబెట్టాలి. తెంపు రాబోయే చోట పై రెయిలు కింద జాకీ పెట్టి ఊతమివ్వాలి. లోపలి వైపు నుంచి నిలువు గొట్టాలు, పైన దూలం, ముందు వెల్డ్ చేయాలి. ఆ తర్వాతే రేకు కోయాలి. ముందు కోసి తరువాత ఫ్రేమ్ పెడితే రెయిలు అప్పటికే కొన్ని మిల్లీమీటర్లు దిగి ఉంటుంది, ఆ వంపునే మీరు శాశ్వతంగా వెల్డ్ చేస్తున్నట్టు. 900 మి.మీ. తలుపుకు, చిన్న కిటికీకి 50 × 50 × 3 మి.మీ. చదరపు గొట్టం సరిపోతుంది. మూడు మీటర్ల గాజు తలుపులంటే అది ఇంజనీరు లెక్క వేసి చెప్పాల్సిన దూలం, ఎవరో వాడిన కొలతను తెచ్చి పెట్టుకోకండి.

మడతల వరుస 278 మి.మీ.కు ఒకసారి తిరుగుతుంది. ఆ ఎడాన్ని లెక్కలోకి తీసుకుని, కిటికీ నిలువు అంచులు బయటి చదును పట్టీల మీద పడేలా గీత గీసుకుంటే వెల్డింగ్, సందులు మూయడం సగం శ్రమతో అయిపోతాయి. ఏటవాలు మీద పడితే ప్రతి సందుకూ ముక్క కోసి అతకాలి, అక్కడే నీరు కారుతుంది. కోసే రేకును ముక్కలుగా తియ్యండి: 2.4 × 2.4 మీటర్ల పలక దాదాపు 77 కిలోలు ఉంటుంది, ఆఖరి అంగుళం తెగగానే ఉన్నట్టుండి పడుతుంది. గ్రైండర్‌కు 1 మి.మీ. డిస్క్ చాలు. ప్లాస్మా కట్టర్ వేగంగా కోస్తుంది కానీ మడతల మీద అంచు గరుకుగా వస్తుంది.

వెల్డింగ్‌కు ముందు గీతకు రెండు పక్కలా 50 మి.మీ. పెయింటు లోహం కనబడేదాకా గీకాలి. జింకు ప్రైమర్, ఎపాక్సీ, పాతవాటిలో క్రోమేట్, సీసం కూడా ఉండొచ్చు. కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు విషం. గుడ్డ మాస్కు దానికి చాలదు, ఫిల్టర్ బిగించిన రెస్పిరేటర్ పెట్టుకోవాలి. 0.8 మి.మీ. మిగ్ వెల్డింగ్ తీగతో 30 మి.మీ. చొప్పున ఎడం ఎడంగా, ఒక చివర ఒకటి, మరో చివర ఒకటి వేసుకుంటూ పోవాలి. ఏకబిగిన లాగితే 1.6 మి.మీ. రేకు అలలు తేలుతుంది. తరువాత గ్రైండ్ చేసి, అదే రోజు జింకు ప్రైమర్, ఆపై ఎపాక్సీ, ఆపై పైకోటు. బయటి అతుకుల్లో పాలియురెథేన్ సీలెంట్ వాడండి. సిలికాన్ మీద పెయింటు పట్టదు.

సరుకు తలుపుల విషయం చాలామంది పట్టించుకోరు. వాటి గడియలు బయటే ఉంటాయి, లోపల ఉన్నవాళ్లను ఎవరైనా బయట నుంచి బంధించవచ్చు. వాటిని తెరిచి ఉంచి గోడకు వెల్డ్ చేయడమో, గడియ కడ్డీలు పూర్తిగా తీసేయడమో చేయాలి. దీని మీద రాజీ లేదు. పొడవాటి పెట్టెలో ఒకే చివర ద్వారం ఉంటే మంటలప్పుడు రెండో చివర ఉన్నవాళ్లకు దారి ఉండదు, కాబట్టి పడకగదికి మనిషి దూరగలిగే కిటికీ తప్పనిసరి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, చెమ్మ. కంటైనర్ ఇళ్లను లోపల నుంచి తినేసేది వాన కాదు, లోపలి మనుషుల ఊపిరి, వంట, స్నానం నుంచి వచ్చే ఆవిరి. గది 20 డిగ్రీలు, తేమ 50 శాతం ఉంటే 9 డిగ్రీల దగ్గర ఆవిరి నీరవుతుంది. 25 డిగ్రీలు, 60 శాతం ఉంటే ఇంచుమించు 17 డిగ్రీలకే. రాత్రి ఆకాశం కింద ఉక్కు రేకు బయటి గాలి కంటే కూడా చల్లబడుతుంది, కాబట్టి లోపలి ముఖం మీద నీరు పట్టడం ఖాయం. చెక్క ఫ్రేమ్ పెట్టి మధ్యలో దూదిలాంటి ఖనిజ ఉన్ని నింపి బోర్డు కొడితే, ఆవిరి ఆ ఉన్ని గుండా పోయి రేకు మీద నీరై, కిందికి కారి, అడుగు పట్టీని కుళ్లబెడుతుంది. బోర్డు వెనక జరుగుతుంది గనక వాసన వచ్చేదాకా తెలియదు.

అందుకే చల్లటి రాత్రులున్న ఎక్కడైనా మా సిఫారసు ఒకటే: రేకుకు నేరుగా అతుక్కునే క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్ (పిచికారీ చేస్తే ఉబ్బి గట్టిపడే నురగ), కనీసం 50 మి.మీ. దాని ఉష్ణ వాహకత సుమారు 0.025, ఖనిజ ఉన్నిది 0.037. అంటే 50 మి.మీ. ఫోమ్ చేసే పనికి 75 మి.మీ. ఉన్ని కావాలి. వెడల్పు ఇంత కరువైన చోట ఆ 25 మి.మీ. చిన్న విషయం కాదు. మడతల్లోకి కూడా ఫోమ్ దూరి సందు మిగల్చదు. థర్మోకోల్ పలకలు అతికిస్తే మడతల వెనక 36 మి.మీ. గాలి గూళ్లు మిగిలి, అక్కడే నీరు పడుతుంది. ఫ్రేమ్ గొట్టాలను గోడకు ఆనించకుండా 20 మి.మీ. ఎడంగా నిలబెట్టండి, వాటి వెనక కూడా ఫోమ్ వెళ్లాలి. ఆనిస్తే ప్రతి గొట్టం చలిని లోపలికి మోసి, బోర్డు మీద నిలువు చారలుగా బూజు పట్టిస్తుంది.

ఫోమ్ ఊడిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ రేకు తడిగానో, జిడ్డుగానో ఉండటమే. డిటర్జెంట్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. రేకు ఉష్ణోగ్రత ఆవిరి నీరయ్యే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పుడే కొట్టాలి. ఒకేసారి 50 మి.మీ. దాటి కొడితే లోపల వేడి చేరి మాడుతుంది, ఆ ఘాటు వాసన నెలల తరబడి పోదు. ఫోమ్ మండే పదార్థం కాబట్టి దాని మీద 12.5 మి.మీ. జిప్సం బోర్డు తప్పనిసరి. ఫోమ్ కొట్టాక ఆ గోడ మీద వెల్డింగ్ చేయనే కూడదు. కాబట్టి బయటి బ్రాకెట్లు, మెట్లు, ఏసీ స్టాండు అన్నీ ముందే వెల్డ్ చేసుకోండి. నేల కింద క్రాస్ మెంబర్ల మధ్య కూడా ఫోమ్ కొట్టించాలి, అంతకు ముందే డ్రెయిన్ పైపులకు రంధ్రాలు పడాలి. 300 మి.మీ. ఎడంలో 110 మి.మీ. పైపు హాయిగా దిగుతుంది. క్రాస్ మెంబర్‌ను ఎప్పుడూ కోయొద్దు.

ఏడాదంతా వేడిగా ఉండి, ఏసీ నడిచే చోట లెక్క మారుతుంది. బయటి తేమ లోపలికి రావాలనుకుంటుంది కానీ ఉక్కు దాన్ని రానివ్వదు. అక్కడ లోపలి వైపు ప్లాస్టిక్ షీటు వేస్తే, ఏదో సందున దూరిన తేమ బయటపడే దారి మూసినట్టే. షీటు వేయకండి. వేడి ప్రాంతంలో ఇన్సులేషన్ కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది నీడ మీద. పైకప్పుకు 300 మి.మీ. ఎడంగా, మూలల నుంచి లేపిన రెండో కప్పు వేసి, రెండు చివరలూ గాలికి వదిలేస్తే ఎండ రేకును తాకదు, వాన చప్పుడూ తగ్గుతుంది. పై కింద కప్పుల మధ్య ఆకులు చేరకుండా జాలీ కొట్టాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చిన్న గాలి రంధ్రాలు సరుకుకు సరిపోతాయి, మనుషులకు చాలవు. రెండు చివరలా కిటికీలు, బాత్‌రూమ్‌కూ వంటగదికీ బయటికి గొట్టం ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కావాలి.

రెండు కంటైనర్లు కలపడం. పై కాస్టింగ్‌లు కప్పు కంటే 6 మి.మీ. పైకి ఉంటాయి, పక్కలకూ కాస్త పొడుచుకు వస్తాయి. అందువల్ల పక్కపక్కన పెట్టిన రెండు పెట్టెల మధ్య పొడవునా సందు మిగులుతుంది. అందులో సీలెంట్ ఒక్కటే నింపితే ఎండకు, చలికి ఉక్కు సాగి ముడుచుకునే కొద్దీ అది చీలిపోతుంది. ముందు రబ్బరు తాడు, దాని మీద రెండు కప్పుల మీదికీ వంగిన రేకు మూత, ఇదే పని చేసే పద్ధతి.

పేర్చడంలో నేర్చుకోదగ్గ పని జపాన్‌లోని ఒనగావాలో ఉంది. 2011 భూకంపం, సునామీ తరువాత వాస్తుశిల్పి షిగెరు బాన్ 20 అడుగుల కంటైనర్లను చదరంగపు గళ్లలా ఒకటి విడిచి ఒకటి మూడంతస్తుల దాకా పేర్చి తాత్కాలిక ఇళ్లు కట్టారు. పెట్టెల్లో పడకగదులు, స్నానాల గదులు. పెట్టెల మధ్య ఖాళీల్లో విశాలమైన గదులు. గోడలు కోసి వెడల్పు తెచ్చుకునే బదులు, ఖాళీ వదిలి వెడల్పు తెచ్చుకున్నారు. ఇంటికి కూడా ఇదే మంచి దారి: రెండు పెట్టెలను మూడు మీటర్ల ఎడంగా నిలబెట్టి, మధ్యకు మామూలు కప్పు వేస్తే హాలు వస్తుంది, కోత తలుపుల వరకే.

కరెంటు విషయం క్లుప్తంగా. పెట్టె మొత్తాన్ని ఎర్త్‌కు కలపాలి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ పెట్టాలి, రేకు రంధ్రం గుండా పోయే ప్రతి వైరుకూ రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే కట్టు) ఉండాలి. రేకు అంచు కత్తిలాంటిది, చిన్న కదలికకే తొడుగు తెగి గోడంతా కరెంటవుతుంది.

రిఫ్రిజిరేటెడ్ కంటైనర్ తీసుకుంటే ఇన్సులేషన్ ఖర్చు తప్పుతుందని కొందరు అడుగుతారు. గోడల్లో ఫోమ్, లోపల స్టెయిన్‌లెస్ రేకు ముందే ఉంటాయి, నిజమే. కానీ నేల టీ ఆకారపు అల్యూమినియం పట్టీలు, దాని మీద వేరే నేల వేయాలి. లోపలి వెడల్పు ఇంచుమించు 2.29 మీటర్లు. ఫోమ్ గోడల మధ్యే ఉంటుంది కాబట్టి కోసేటప్పుడు, వెల్డ్ చేసేటప్పుడు లోపల నుంచి అంటుకుంటుంది, ఆ మంట బయటికి కనబడదు. ఒకటి రెండు తలుపులు తప్ప ఏమీ కోయని చిన్న గదికి, స్టూడియోకి అది బాగుంటుంది. కిటికీలు ఎక్కువగా కావాలంటే డ్రై కంటైనరే (శీతలీకరణ లేని మామూలు పెట్టె) తీసుకోండి.

ఇల్లయ్యాక కూడా ఏడాదికోసారి వాన తగ్గాక ఒక పూట కేటాయించండి. కప్పు సొట్టల్లో నీటి మరకలు, కింది రెయిలు, కాస్టింగ్ కూర్చున్న దిమ్మె అంచు, కిటికీ ఫ్రేమ్ పై అతుకు, ఈ నాలుగూ చూడండి. గోరంత తుప్పు కనబడినా అప్పుడే గీకి, జింకు ప్రైమర్ తాకించాలి. రేకు మందం 1.6 మి.మీ.యే, తుప్పు దాన్ని తినేశాక రిపేరుకు వెల్డింగ్ కావాలి, వెల్డింగ్‌కు వెనక ఉన్న బోర్డు, ఫోమ్ మొత్తం పీకాలి.